వాకోవర్ కప్పు

1974లో నాకు రెండు కప్పుల గురించి బెంగ ఉండేది. ఒకటి డేవిస్ కప్పు. రెండోది ఆర్.కె. పురం ఆంధ్ర ఉద్యోగుల క్యారమ్స్ కప్పు. మొదటిది మన దేశం ఆడకుండా వదులుకుంది. రెండోది నేను ఆడకుండా గెలిచాను. దాని గురించే చెబుతున్నాను.

నా పేరు శేషగిరి, మాది రేపల్లె. అప్పుడు నేను ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుని. ఆర్.కె. పురంలో కింది అంతస్తు క్వార్టరు. ముందు గది, వెనక వంటిల్లు, పక్కన ఒక వరండా, వరండా చివర కుళాయి. ఇంట్లో మా అమ్మ రాజేశ్వరమ్మ, నా భార్య అన్నపూర్ణేశ్వరి, నేను, నా క్యారమ్ బోర్డు. బోర్డు గురించి విడిగా ఎందుకు చెప్పానంటే, సెక్టారు మొత్తం మీద వంకర లేని బోర్డు అదొక్కటే. అందుకని ఏటా చలికాలంలో జరిగే పోటీల్లో సెమీఫైనల్సూ ఫైనలూ మా ఇంట్లోనే. బోర్డు మా గడప దాటకూడదనేది పోటీ నియమాల్లో మొదటిది. నియమాలు రాసింది నేనే.

ఎనిమిదేళ్లలో అయిదుసార్లు ఫైనల్‌కి వచ్చాను, అయిదుసార్లూ ఓడిపోయాను. బోర్డు నాది, పౌడరు నాది, టిఫిను నాది, కప్పు మాత్రం ఎవరో పట్టుకుపోయేవాడు. 1973లో పట్టుకుపోయినవాడు లింగయ్య.

లింగయ్య మా సెక్షన్‌లోనే టైపిస్టు. నల్గొండ వైపువాడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. మునిర్కాలో అద్దె గది. మాట తక్కువ, టైపులో తప్పు అసలే ఉండదు. స్ట్రైకర్ మీద వేలు పెట్టాడంటే కాయిన్ తనంతట తనే లేచి వెళ్లి బొక్కలో పడ్డట్టుండేది. నన్ను ఇరవై అయిదు–నాలుగుతో ఓడించి, “మంచిగాడిన్రు సార్” అన్నాడు. ఆ మాట ఏడాది పాటు నా చెవిలో ఉంది. ఆ ఏడాదంతా పొద్దున్నే అయిదింటికి లేచి గంటసేపు ఒక్కణ్నే ఆడేవాణ్ని. కప్పు సంగతి తర్వాత, లింగయ్యను ఒక్కసారి ఓడించాలి. నలభై రెండేళ్ల మనిషికి ఇంతకన్నా పెద్ద ఆశయం ఉండాల్సిందే. నాకు లేదు.

లింగయ్య మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, “ఆ కుర్రాడు ఎవర్రా? వాళ్ళేమిటి?” అని అడిగింది అమ్మ.

“టైపిస్టు” అన్నాను.

“అది కాదురా” అంది అమ్మ. అప్పుడు నేను ఎర్ర కాయిన్ మీద దృష్టి పెట్టి ఉన్నాను. వాళ్ల ఇల్లు ఊరి బయట వాడలో అని రెండో ఆదివారానికి అమ్మే అడిగి తెలుసుకుంది. మూడో ఆదివారానికి లింగయ్యకు పూల గాజు గ్లాసు వచ్చింది.

ఆ గ్లాసు గురించి చెప్పాలి. మిగతా అందరికీ మా ఇంట్లో స్టీలు గ్లాసులే. లింగయ్య ఒక్కడికే ఎర్రపూలు వేసిన గాజు గ్లాసు. అందులో మా అమ్మ కాఫీని జానెడు ఎత్తు నుంచి నురగ వచ్చేలా పోసేది. “సన్నగా ఉన్నాడే ఆ అబ్బాయి, ఇంకో గారె వెయ్యి” అని నా భార్యను పురమాయించేది. గారె కూడా ఎత్తు నుంచే పడేది. అతను తాగి, వరండా చివర కుళాయి దగ్గర గ్లాసు తనే కడిగి, పిట్టగోడ మీద బోర్లించేవాడు. పద్ధతైన మనిషి అనుకునేవాణ్ని. అతను ఆడే రోజుల్లో బోర్డు ముందు గదిలో కాక వరండాలో వేసేవాళ్లం, వెలుతురు బాగుంటుందని అమ్మ చెప్పింది. వెలుతురు బాగానే ఉండేది.

నాకేమీ తెలియదని చెబితే అబద్ధం. తెలుసుకోవడానికి తీరిక లేదు, అంతే.

ఇక డేవిస్ కప్పు. ఆ ఏడు మన టెన్నిస్ జట్టు ఫైనల్‌కి చేరింది. ఎదుటి జట్టు దక్షిణాఫ్రికా. ఆట వాళ్ల దేశంలో. రంగును బట్టి మనుషుల్ని వేరుపెట్టే దేశానికి వెళ్లి ఆడబోమని మన ప్రభుత్వం చెప్పేసింది. పేపర్లలో వచ్చేసింది, పాన్‌వాలాకి కూడా తెలిసిపోయింది. తెలియనిది ఫైలుకి మాత్రమే. పార్లమెంటులో ఎవరో ప్రశ్న వేస్తే, జవాబు వెనక కారణాలు రాసిన ఒక నోటు ఉండాలి. నిర్ణయం పైనుంచి కిందికి దిగినా, దానికి కారణం మాత్రం కిందనుంచి పైకి ఎక్కాలి. మా ఆఫీసు ధర్మం అది. కింద ఉన్నది నేను.

మా సెక్షన్ ఆఫీసరు పంజాబీ పెద్దమనిషి. ఫైలు నా బల్ల మీద పడేసి, “శేషగిరీ, అచ్ఛా సా నోట్ బనావో” అన్నాడు. మంచి నోటు, అదీ ఎల్లుండికల్లా కావాలట.

నేను టెన్నిస్ పిచ్చివాణ్ని. మనవాళ్లు ఫైనల్ ఆడరంటే రెండురోజులు అన్నం సయించలేదు. కానీ పాత క్లిప్పింగులూ రిపోర్టులూ ముందేసుకుని చదువుతుంటే నా రక్తం నిజంగానే ఉడికింది. వేరే తలుపులు, వేరే కుళాయిలు, వేరే బెంచీలు, స్టేడియంలో వేరే మెట్లు. కూర్చుని రెండు రోజుల్లో ఇంగ్లీషులో ఏడు పేరాలు రాశాను. నా సర్వీసు మొత్తంలో అంత మంచి నోటు మళ్లీ రాయలేదు. తెలుగులో చెబితే సగం పోతుంది గానీ, చెబుతాను.

మొదటి మూడు పేరాలూ వాస్తవాలు. నాలుగో పేరా: ఆతిథ్యం ఇచ్చేవాడి చోట ఆడటమంటే ఆ చోట ఉన్న ఏర్పాట్లకు సమ్మతి తెలపడమే. అయిదు: ఆట వేరు, ఆచారం వేరు అనే వాదన చెల్లదు, ఎందుకంటే ఆ ఆచారం ఆట చోటుకి కూడా వచ్చి కూర్చుంది. ఆరు: మార్పు క్రమంగా వస్తుందని వాళ్లు అంటున్నారు, ‘క్రమంగా’ అన్న మాట మీద తేదీ వేయడం ఇంతవరకు ఎవరివల్లా కాలేదు. ఏడు: మన ఆటగాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చి మర్యాద చేస్తామంటే అది మర్యాద కాదు, మినహాయింపు ఉన్నదంటేనే నియమం ఉన్నదని అర్థం.

దాన్ని టైపు చేసింది లింగయ్య. ఆరు కాపీలు, మధ్యలో అయిదు కార్బన్లు. రెండో పేరా దగ్గర మిషను ఆగింది.

“సార్, గక్కడ నీళ్లు తాగెతందుకు గూడ యేరే నల్లా ఉంటదా?”

“ఉంటుందటయ్యా. ఎంత ఘోరమో చూడు.”

“గ్లాసు గూడ యేరేనా సార్?”

“అయ్యుంటుంది.”

“తాగినంక గది ఎవరు కడుగుతరు?”

నేను రిపోర్టులన్నీ తిరగేశాను. “ఆ సంగతి ఏ రిఫరెన్సులోనూ లేదయ్యా” అన్నాను.

“మంచిది సార్” అని మళ్లీ టైపు మొదలుపెట్టాడు. ఆరో పేరా, ఏడో పేరా మామూలు కన్నా నెమ్మదిగా కొట్టాడు. చలికి వేళ్లు కొంకర్లు పోయాయేమో అనుకున్నాను.

నోటు పైకి వెళ్లింది. సెక్షన్ ఆఫీసరు, “వాహ్” అన్నాడు. అండర్ సెక్రటరీ ఒక కామా తీసేశాడు. నేను ఆ వారమంతా బస్సులో నిలబడి కూడా కూర్చున్నట్టే ఉన్నాను.

ఆ ఏడు క్యారమ్స్ ఫైనల్‌కి మళ్లీ మేమిద్దరమే వచ్చాం. డిసెంబరు రెండో ఆదివారం, సాయంత్రం అయిదింటికి, మా ఇంట్లో. పోటీల కార్యదర్శీ అంపైరూ ఒకడే, చెన్నకేశవులు. ఆడిట్‌లో పనిచేసే అనంతపురం మనిషి, వేడినీళ్లు కాగాయా లేదా అనేదానికి కూడా రూలు చూసే రకం. ఫైనల్‌కి నాలుగు రోజుల ముందు అతను ఒక కాగితం పట్టుకుని మా సెక్షన్‌కి వచ్చాడు.

“ఏమప్పా శేషగిరీ, ఈ పిల్లోడు రానంటాండాడు. చూడు.”

అది లింగయ్య రాసింది. ఫుల్‌స్కేప్ కాగితం, ఎడమవైపు మార్జిను, పేరాలకు అంకెలు. విషయం: ఫైనల్‌లో పాల్గొనకపోవడం. మొదటి పేరాలో వరండా. రెండో పేరాలో పూల గ్లాసు. మూడో పేరాలో కుళాయి. నాలుగు నుంచి ఏడు వరకూ అక్షరం పొల్లుపోకుండా నా నోటు. దక్షిణాఫ్రికా ఉన్నచోటల్లా ‘శ్రీ శేషగిరి గారి నివాసం’ అని ఉంది.

నాకు మొదట వచ్చిన కోపం ఏమిటంటే, పేరాలు నావి. నా ఇంగ్లీషు నామీదికే విసిరాడు. కొంతసేపటికి రెండో కోపం వచ్చింది. ఏడాది పాటు పొద్దున్నే లేచి ఆడింది దేనికి? చివరికి వాడు ఆడనంటే వినడానికా?

మధ్యాహ్నం భోజనాల వేళ లింగయ్య బల్ల దగ్గరికి వెళ్లాను.

“ఏమిటయ్యా ఇది? క్యారమ్స్‌కీ దీనికీ ఏమిటి సంబంధం?”

“అయిదో పేరా సార్” అన్నాడు.

“మా అమ్మ పాతకాలం మనిషి. మడీ ఆచారం. ఒక్కసారిగా మారమంటే ఎలా మారుతుంది? నెమ్మదిగా నేనే…”

“ఆరో పేరా సార్.”

నోటు రాసేటప్పుడు ఎదుటివాడు ఏమేమి వంకలు చెప్పగలడో అన్నీ ముందే ఊహించి, ఒక్కొక్కదానికీ తలుపు మూసేశాను. ఇప్పుడు ఏ తలుపు దగ్గరికి వెళ్లినా గొళ్లెం నేను పెట్టిందే. చివరికి పంతం దిగి, “పోనీ బోర్డు బయటికి తెస్తాను. చెన్నకేశవులు ఇంట్లో ఆడదాం. నియమం మారుస్తాను” అన్నాను. అది నాకు చిన్న త్యాగం కాదు.

లింగయ్య టిఫిను డబ్బా మూత పెట్టాడు. “యేరే జాగల ఆడితే మీ ఇంట్ల గ్లాసు మారుతదా సార్? నాకు మీతోని ఆడాల్నని లేక కాదు. మస్తుగ ఉన్నది. నిరుడు ఆ బోర్డు మీద గెలిచిన గని, కప్పు తీస్కొని గ్లాసు కడుక్కొని పోయిన. ఇంటికి పోయేటాల్లకు గెల్చినట్టే అనిపియ్యలే” అన్నాడు. అంత పొడుగు మాట అతని నోట నేను వినడం అదే మొదలు.

ఇంటికి వెళ్లి అమ్మను అడిగాను. “అమ్మా, ఆ లింగయ్యకి కూడా అందరిలాగే స్టీలు గ్లాసు ఇద్దామే.”

పోట్లాట అవుతుందనుకున్నాను. అమ్మ వత్తులు చేసుకుంటూ, “ఇద్దాం, దానికేం భాగ్యం? ఓ కొత్తది కొనుక్కురా” అంది. ఇంత తేలిక పనికి అంత నోటు రాశాడేమిటి వాడు అనుకున్నాను. నేను కూడా మనస్ఫూర్తిగా చెయ్యాలనుకుని సరోజినీ నగర్ మార్కెట్టుకు వెళ్లి, ఉన్నవాటిలో బరువైన గ్లాసు కొన్నాను. కొన్నవాణ్ని ఊరుకోవచ్చు కదా. మనవాళ్లకు స్టీలు సామాను మీద పేరు కొట్టించకపోతే అది ఇంకా కొట్లో ఉన్నట్టే. ‘లింగయ్య’ అని కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. అక్కడి సర్దార్జీ దాన్ని బొమ్మ అనుకుని బొమ్మలాగే చెక్కాడు. మా నాన్నగారి గ్లాసు మీద కూడా పేరు అంత అందంగా లేదు.

మర్నాడు దాన్ని లింగయ్య బల్ల మీద పెట్టాను. అతను తిప్పి తిప్పి చూశాడు. అక్షరాలను బొటనవేలితో నిమిరాడు.

“మంచిగున్నది సార్. మీ ఇంట్ల దీన్ని యాడ పెడ్తరు?”

నేను జవాబు చెప్పబోయి, అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి ఆగాను. గ్లాసు చూపించగానే అమ్మ, “బావుంది. పేరు కూడా ఉందిగా, కలిసిపోదు. ఆ పిట్టగోడ మీదే పెట్టు” అంది.

నేను చెప్పకపోయినా లింగయ్యకు వినపడింది. “పేరు కొట్టిచ్చినంక గిది గూడ నా ఒక్కనిదే అయితది గద సార్” అన్నాడు. ఏడో పేరా అని అతను అనలేదు. నేనే అనుకున్నాను. ఆ గ్లాసును అతను పారెయ్యలేదు. గుండుసూదులూ ట్యాగులూ అందులో వేసుకుని టైపు మిషను పక్కన పెట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ఈసారి బోర్డు ముందు గదిలోనే వేయించాను. అమ్మ ఏమీ అనలేదు, ఆ కుర్రాడు రాడని చెన్నకేశవులు ముందే చెప్పాడు కాబట్టి. పదిహేను మంది తెలుగువాళ్లు స్వెటర్లలో వచ్చి గోడల వారగా కూర్చున్నారు. నేను స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని బోర్డు ముందు కూర్చున్నాను. నా ఎదుట ఖాళీ కుర్చీ. రూలు ప్రకారం పావుగంట ఆగాలి. చెన్నకేశవులు వాచీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అయిదు నిమిషాలకోసారి వాకిట్లోకి వెళ్లి, “లింగయ్యా!” అని మూడుసార్లు కోర్టు బంట్రోతులా పిలిచి వచ్చాడు. ఎదురింటి పంజాబీ ఆవిడ ఎవరో తప్పిపోయారనుకుని తలుపు తీసి చూసింది.

“రాలేదబ్బా. ఇంగ చేసేదేముంది. వాకోవర్” అన్నాడు చెన్నకేశవులు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎనిమిదేళ్ల తర్వాత కప్పు నా చేతికొచ్చింది. వెలితిగా ఉంటుందేమో అనుకున్నాను గానీ, అంతకన్నా అధ్వాన్నంగా ఉంది. దొంగసొత్తు పట్టుకున్నవాడిలా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎవరో ఫోటో తీశారు. అందులో నేను పంటి నొప్పితో ఉన్నట్టుంటాను.

అందరూ వెళ్లాక అమ్మ పిలిచింది. “ఆ అబ్బాయి వాటా గారెలు మిగిలాయిరా. రేపు ఆఫీసుకి పట్టుకెళ్లు. డబ్బాలో వద్దు, కాగితంలో కట్టిస్తాను.”

నేను కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్లాను. వాడొకవేళ వస్తాడేమోనని అమ్మ మంచినీళ్లు పోసి ఉంచినట్టుంది, పూల గ్లాసు పిట్టగోడ మీద నిండుగా ఉంది. నాకు దాహంగా ఉంది. గ్లాసు దగ్గరలో ఉంది. తీసుకుని తాగేశాను. అందులో ఉద్యమం ఏమీ లేదు. ఒళ్లు మండి ఉన్న మనిషికి నోరెండింది, అంతే.

“అయ్యో అయ్యో! అది వాడిదిరా!” అని అమ్మ పెట్టిన కేక నేను ఇంతవరకూ మరిచిపోలేదు. పాము కరిచినా అలా అరవదు. చేతిలో పళ్లెం జారిపోయింది, గారెలు వరండా నిండా దొర్లాయి. ఏడు పేరాలు నేనే రాశాను, నాలుగు పేరాలు నామీదికే తిరిగి వచ్చాయి, వాటితో తెలియనిది ఆ కేకతో తెలిసింది. ఆ గ్లాసులో కన్నతల్లి కొడుకును చూసి దడుచుకోవలసినంత ఏముంది? రెండేళ్లు ఆ కుర్రాడు దాన్నే కడిగి కడిగి బోర్లించి వెళ్లాడు. పద్ధతైన మనిషి అనుకున్నాను నేను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

“తలస్నానం చేసి జంధ్యం మార్చుకో. రేపు పంతులుగారిని అడిగి పంచగవ్యం తెప్పిస్తాను. పుచ్చుకున్నాకే వంటింట్లోకి రా” అంది అమ్మ.

“పుచ్చుకోను” అన్నాను.

“అయితే అక్కడే ఉండు.”

“ఉంటాను.”

మాది మాట మీద నిలబడే వంశం. మర్నాటి నుంచి నా కాఫీ, నా అన్నం వరండాలోకే వచ్చాయి. పూల గ్లాసు నాకు ఖాయమైంది. అమ్మ చూస్తూ ఉండగా నా భార్య జానెడు ఎత్తు నుంచి కాఫీ పోసేది. తాగి, కుళాయి కింద కడిగి, పిట్టగోడ మీద బోర్లించేవాణ్ని. జనవరి చలిలో ఆ కుళాయి నీళ్లకు వేళ్లు తిమ్మిరెక్కేవి. మే నెలలో పెరుగన్నంలో దుమ్ము పడేది. నేనేదో దీక్ష పట్టానని చుట్టుపక్కలవాళ్లు గౌరవంగా చూసేవారు.

ఒకరోజు అన్నపూర్ణను అడిగాను. “నీకు ముందే తెలుసా, ఈ గ్లాసు సంగతి?”

“నెలకి మూడు రోజులు ఆ గ్లాసు పక్కనే నా గ్లాసూ ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచీ, పదహారేళ్లుగా, నాకు వేరే గ్లాసే. మీరెప్పుడైనా చూశారా?” అంది.

చూడలేదు. ఆ పిట్టగోడ మీద అంత చోటుందని కూడా నాకు తెలియదు.

లింగయ్యకు ఈ సంగతేమీ చెప్పలేదు. చెబితే మెచ్చుకోమన్నట్టుంటుంది. కానీ మార్చి నెలలో ఒకరోజు ఏదో బడ్జెట్టు స్టేట్‌మెంటు టైపు చేయిస్తూ ఉంటే నోరు జారింది. “ఎంత ఎత్తు నుంచి పోస్తారో గానీ, కాఫీ చల్లారిపోతుందయ్యా. ఆ వరండాలో వేడి కాఫీ అన్నదే లేదు.”

మిషను ఆగింది. అతను నా మొహం చూశాడు. కాసేపటికి విషయం అర్థమైనట్టుంది.

“తెల్సు సార్. రెండేండ్లు తాగిన” అన్నాడు.

“ఆ సంగతి నా నోటులో రాయలేదు” అన్నాను.

“రాసెటందుకు మీకు అప్పుడు తెల్వది గద సార్” అని, మళ్లీ టైపు మొదలుపెట్టాడు.

జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. మనుషుల హక్కుల గురించి నోటు రాయమని ఆ ఏడు మా సెక్షన్‌ని ఎవరూ అడగలేదు. నలుగురు ఒకచోట కూడటానికి ముందూ వెనకా చూసుకునే రోజులు. క్యారమ్స్‌కి అనుమతి కావాలా అని చెన్నకేశవులు నెలరోజులు మథనపడి, అడిగితే కావాలంటారని అడగకుండా ఊరుకున్నాడు. అతను రూలుకి అడ్డం తిరగడం అదొక్కసారే.

నవంబరు చివరికి మళ్లీ ఫైనల్. మళ్లీ మేమిద్దరమే. “ఏడ పెడదామప్పా?” అని చెన్నకేశవులు మా ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. మా ఇంట్లో అని నేను అనలేను. అమ్మ మారలేదు, నేనూ మారలేదు, గ్లాసు పిట్టగోడ మీదే ఉంది.

లింగయ్య నావైపు చూశాడు. “శేషగిరి సార్ ఇంక వరండాలనే తాగుతున్నరా?” అని అడిగాడు, నన్ను కాదు, చెన్నకేశవుల్ని.

“పదకొండు నెలలైంది. నేను కండ్లారా చూసినా” అన్నాడు చెన్నకేశవులు.

“అయితే మా అర్రల పెట్టుండ్రి. బోర్డు తెచ్చుకోండ్రి” అన్నాడు లింగయ్య.

బోర్డు గడప దాటకూడదన్న నియమాన్ని నేనే కొట్టేసి, పక్కన పొడి సంతకం చేశాను. ఆదివారం పొద్దున నేనూ చెన్నకేశవులూ రిక్షా ఎక్కి, బోర్డును దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, పొగమంచులో మునిర్కాకి వెళ్లాం. కప్పు నా సంచిలో ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి, “మఫ్లరు కట్టుకో” అంది. నాతో ఆ ఏడు ఆవిడ మాట్లాడిన మాటలన్నీ ఇలాంటివే.

లింగయ్యకు ఆ వేసవిలో పెళ్లయింది. గది చిన్నది. మంచం ఎత్తి గోడకు నిలబెట్టి, మధ్యలో బోర్డుకు చోటు చేశాడు. అతని భార్య కమలాకుమారి మూల కిరసనాయిలు స్టవ్వు మీద చాయ్ పెట్టింది. నాలుగు స్టీలు గ్లాసులు, ఏది ఎవరిదో చూడకుండా పోసి, తలా ఒకటి చేతికిచ్చింది. ‘లింగయ్య’ అని చెక్కిన గ్లాసు గుండుసూదులు వదిలి ఇంటికి వచ్చినట్టుంది. అది చెన్నకేశవుల చేతికి వెళ్లింది. అతను చదవకుండానే తాగేశాడు.

నా గ్లాసు పట్టుకోలేనంత వేడిగా ఉంది. మొదటి గుక్కకే నాలుక చుర్రుమంది. పదకొండు నెలల తర్వాత నోటికి వేడి తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుక కాలినందుకే అనుకోనిచ్చాను, చెన్నకేశవుల్ని.

తాగడం అయింది. లింగయ్య కాయిన్లు పేరుస్తున్నాడు. నేను లేచి, గ్లాసు పట్టుకుని, చెప్పులు వేసుకుని, గది బయట మెట్ల పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్లి కడగడం మొదలుపెట్టాను. ఎందుకు లేచానో నేను ఆలోచించలేదు. తాగాక లేవడం అలవాటైంది.

“అయ్యో, అదేంది సార్!” అంది కమలాకుమారి లోపలి నుంచి.

కడిగిన గ్లాసు ఎక్కడ బోర్లించాలో వెతుకుతున్నాను. అక్కడ పిట్టగోడ లేదు. లింగయ్య వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా చేతిలోని గ్లాసునూ, తడి వేళ్లనూ చూశాడు. ఏడాది క్రితం అతని కాగితం చదివినప్పుడు నాకు రాని మాట, అప్పుడు వచ్చింది. “తప్పయిందయ్యా” అన్నాను.

లింగయ్య గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నాడు. “నాకు గూడ గీ అలవాటు పోయెటందుకు మస్తు దినాలు పట్టింది సార్. రాండ్రి, ఆట మొదలుపెడ్దం” అన్నాడు.

ఇరవై అయిదు–ఆరుతో ఓడిపోయాను.